ఏడు సముద్రాలు తిరిగిన పిల్లి

మన నేస్తాలు

పిల్లలూ!

పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు చెబుతారు. పుట్టినచోటనే ఉంచితే ఏ కుక్కో, గండుపిల్లో వచ్చి మీద పడుతుందని తల్లికి భయం. అందుచేత ఒక్కొక్క కూననే మెడ దగ్గర నోట కరచుకుని, వసారాలోనుంచి అటకమీదికీ, అటకమీదినుంచి గడ్డివాములోకీ మారుస్తూ ఉంటుంది.

ఏడిళ్ళు తిరిగిన పిల్లిని మీరందరూ చూసే ఉంటారు. మరి ఏడు సముద్రాలు తిరిగిన పిల్లి సంగతి విన్నారా? అటువంటి పిల్లి ఒకటి ఉండేది. దాని పేరు ట్రిమ్. ఇది కట్టుకథ కాదు. అది కనబడకుండా పోయి రెండువందల ఏళ్ళు దాటింది. అయినా అది ఏ రంగులో ఉండేదో, ఏమేమి ఆటలు ఆడేదో, విసుగు పుడితే ఏం చేసేదో ఈనాటికీ మనకు తెలుసు. ఒక పిల్లి సంగతి ఇన్నాళ్ళు ఎలా నిలిచింది? ఈ నెల ఆ విషయమే చెప్పుకుందాం.

ట్రిమ్ యజమాని పేరు మాథ్యూ ఫ్లిండర్స్. ఆయన 1774లో, ఇంగ్లండులోని డానింగ్టన్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి వైద్యుడు. కాని చిన్నతనంలో రాబిన్సన్ క్రూసో కథ చదివిన ఆ కుర్రవాడి మనసు సముద్రంమీదికే పోయింది. పెద్దవాడై నౌకాదళంలో చేరాడు. 1795లో ‘రిలయన్స్’ అనే ఓడమీద ఆస్ట్రేలియాకు వెళ్ళాడు.

ఆస్ట్రేలియాలో అప్పటికే వేల సంవత్సరాలుగా ఆదివాసులు నివసిస్తున్నారు. తమ నేల, తమ తీరం వారికి బాగా తెలుసు. కాని యూరపు ఓడలకు దారి చూపించే పూర్తి పటం లేదు. అది ఒకటే పెద్ద నేలా, లేక నడుమ సముద్రం ఉండి రెండు ముక్కలుగా ఉన్నదా అన్నది కూడా పటాలు గీసేవారికి తేలలేదు. ఆ తీరమంతా చుట్టివచ్చి, సరి అయిన పటం గీయాలని ఫ్లిండర్స్ పట్టుదల.

ఓడకూ పిల్లికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఆ కాలంలో ఓడలు తెరచాపలతో, గాలి వాలును బట్టి నడిచేవి. బయలుదేరిన ఓడ మళ్ళీ రేవు చేరడానికి నెలలు పట్టేది. అన్నాళ్ళకూ సరిపడే తిండిని ముందే ఎక్కించుకోవాలి. గట్టిగా కాల్చిన రొట్టెలను సంచులలో నింపి, ఓడ అడుగున ఒక గదిలో దాచేవారు. ఆ గదిలోకి ఎలుకలు చేరితే ఏమవుతుందో ఊహించండి! నడిసముద్రంలో అంగడి ఉండదు, అప్పు పుట్టదు. పైగా ఎలుకలు రొట్టెతో ఊరుకోవు. మోకులు కొరుకుతాయి, తెరచాపలకు చిల్లులు పెడతాయి. కనుక కళాసీలకు ఎంత అవసరమో, ఓడకు పిల్లి కూడా అంత అవసరంగా ఉండేది.

‘రిలయన్స్’ ఓడలో కూడా ఒక తల్లిపిల్లి ఉన్నది. ఓడ ఆఫ్రికా దక్షిణపు కొసనుంచి ఆస్ట్రేలియాకు పోతూ ఉండగా, హిందూమహాసముద్రం నడుమ అది పిల్లలను పెట్టింది. ఆ కూనలలో ఒకటి మన ట్రిమ్. అది 1799లో పుట్టిందని ఫ్లిండర్స్ రాశాడు. నేలమీద అడుగుపెట్టక ముందే దానికి అలల ఊపు అలవాటయింది.

ఓడ రేవులో లంగరు వేసి ఉన్నప్పుడు, వెన్నెల రాత్రులలో కూనలన్నీ ఓడపైన ఆడుకునేవి. ట్రిమ్‌కు హుషారు జాస్తి. ఎగిరే ఊపులో ఒక్కొక్కసారి హద్దు దాటి, సముద్రంలో పడిపోయేది. మరొక కూన అయితే గుండె ఆగి చచ్చేదే. ట్రిమ్ మాత్రం కాళ్ళాడించి ఈత నేర్చుకున్నది! పైనుంచి ఎవరైనా తాడు వదిలితే, దాన్ని పట్టుకుని చకచకా పైకి పాకి వచ్చేసేది. పిల్లులకు నీళ్ళంటే గిట్టదు కాని, అవసరం వస్తే ఈదగలవు. దానికి తోడు ట్రిమ్‌కు నీళ్ళ భయం కూడా పోయింది.

ఇక్కడ ఒక చిన్న విజ్ఞాన విషయం. తాడుమీదా, చెట్టుమీదా పిల్లి అంత సులువుగా ఎలా ఎక్కగలదు? దాని గోళ్ళు కొక్కేల మాదిరిగా వెనక్కు వంగి ఉంటాయి. పైకి పాకేటప్పుడు అవి చెక్కలోకి దిగి, ఒంటి బరువును ఆపుతాయి. నడిచేటప్పుడు ముందుకాళ్ళ గోళ్ళు వేళ్ళ సందులోకి ముడుచుకుని ఉంటాయి. అందువల్లనే అవి అరిగిపోవు, నడక చప్పుడు కూడా వినపడదు. అయితే తల కిందుగా దిగడానికి ఈ కొక్కేలు పనిచెయ్యవు. అందుకే చెట్టెక్కిన పిల్లి దిగలేక మ్యావుమని అరుస్తూ ఉంటుంది. తెలిసిన పిల్లి తోక ముందుగా, వెనక్కు వెనక్కు జరుగుతూ దిగుతుంది.

ట్రిమ్ అన్న పేరు కూడా ఫ్లిండర్స్ ఊరికే పెట్టలేదు. లారెన్స్ స్టెర్న్ అనే రచయిత రాసిన ఒక నవలలో ట్రిమ్ అనే సేవకుడు ఉంటాడు. తన యజమానిని ప్రాణంలా చూసుకునే నమ్మినబంటు. ఈ కూన కూడా అంత నమ్మకంగా తనను అంటిపెట్టుకుని ఉండటం చూసి, ఫ్లిండర్స్ దానికి ఆ పేరే పెట్టాడు.

ట్రిమ్ పెరిగి చక్కని పిల్లి అయింది. ఒళ్ళంతా నల్లని నలుపు. నాలుగు పాదాలు మాత్రం సున్నపుతేటలో ముంచి తీసినట్టు తెల్లగా ఉండేవి. కింది పెదవి తెలుపు. రొమ్ముమీద చుక్కలాగా ఒక తెల్లమచ్చ. పొడుగాటి కుచ్చుతోక. బరువు పది పన్నెండు పౌన్లు, అంటే సుమారు అయిదు కిలోలు.

కళాసీలు దానికి ఎన్నో విద్యలు నేర్పారు. చేతులు చాపి పట్టుకుంటే వాటిమీదుగా ఎగిరి దూకేది. తుపాకి గుండుకు దారం కట్టి ఓడపైన గుండ్రంగా తిప్పుతూ ఉంటే, దాని వెంట పరుగెత్తి ఆడేది. తెరచాపలు సరిచెయ్యమని ఉత్తరువు రాగానే, కళాసీలకంటే ముందు తానే తాళ్ళమీదుగా కొయ్య పైకి ఎగబాకేది. మనుషులు కూడా దానితో పోటీపడి ఎక్కేవారు.

అన్నిటికంటే వింత అయిన విద్య మరొకటి ఉన్నది. వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ చాపుకుని, చచ్చినదానిలాగా కదలకుండా ఉండటం నేర్పారు. నేర్పేవాడు సైగ చేసేదాకా అది లేవకూడదు. అతను పక్కన అటూ ఇటూ పచార్లు చేస్తూనే ఉండేవాడు. ఏ పిల్లికయినా ఇది కష్టమయిన పనే. కొంతసేపటికి ట్రిమ్ తోక చివర, చివర మాత్రమే, కొద్దిగా కదిలేది. విసుగు పుడుతున్నదనడానికి అదే గుర్తు. ఆ గుర్తు కనబడగానే నేర్పేవారు ఆట ఆపేసేవారు. అంతకు మించి ఎన్నడూ దాన్ని బాధపెట్టలేదు.

ఈ తోక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

భోజనం వేళకు ట్రిమ్ అందరికంటే ముందు బల్ల దగ్గర హాజరు. కాని తొందరపడేది కాదు. అందరికీ వడ్డన అయ్యేదాకా బుద్ధిగా కూర్చునేది. తరవాత సన్నగా మ్యావుమని ఒక్కొక్కరినీ ఒక్కొక్క చిన్నముక్క అడిగేది. పెట్టినవారి దగ్గర పేచీ లేదు. పెట్టకుండా ఎవరైనా ముళ్ళచెంచాతో ముక్క గుచ్చుకుని నోటి దాకా తీసుకుపోతే, దారిలోనే పంజాతో సుతారంగా ఆ ముక్కను తన్నుకుపోయేది! అది ఎంత నేర్పుగా చేసేదంటే, ముక్క పోగొట్టుకున్నవాడికి కోపం బదులు నవ్వు వచ్చేది.

మరి ఫ్లిండర్స్ చేసే పని సంగతేమిటి? ఓడ ఎక్కడ ఉన్నదో తెలిస్తేనే కదా తీరం పటం గీయడం సాధ్యం. తూర్పు పడమరల లెక్క తెలుసుకోవడానికి ఓడలో క్రోనోమీటరు అనే సూక్ష్మమైన గడియారం ఉండేది. అది గ్రీనిచ్ కాలాన్ని చూపిస్తుంది. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. ఓడ ఉన్నచోట సూర్యుడు ఆకాశంలో బాగా ఎత్తుకు వచ్చి మధ్యాహ్నమైనప్పుడు, గ్రీనిచ్‌లో ఎన్ని గంటలయిందో గడియారంలో చూస్తే, ఆ తేడాను బట్టి ఓడ ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నదో తెలిసిపోతుంది.

మీరే ఒక లెక్క వెయ్యండి. మన కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖను బట్టి మన దేశపు గడియారాలన్నీ నడుస్తాయి. 82½ని 4తో గుణిస్తే 330 నిమిషాలు. అంటే అయిదున్నర గంటలు. గ్రీనిచ్ కాలం ప్రకారం ఉదయం 6½ అయితే మనకు మధ్యాహ్నం 12 గంటలన్నమాట! ఈ లెక్కలో గడియారం నాలుగంటే నాలుగు సెకండ్లు తప్పినా, భూమధ్యరేఖ దగ్గర ఓడ జాడ దాదాపు రెండు కిలోమీటర్లు తప్పుతుంది. అంత జాగ్రత్త అయిన పని అది.

అటువంటి పని జరిగేటప్పుడు ట్రిమ్ వచ్చి గడియారం పక్కన కూర్చునేది. సెకండ్ల ముల్లు తిరగడం తదేకంగా చూసేది. పంజాతో దాన్ని అందుకోబోయేది. టిక్కు టిక్కుమన్న చప్పుడును చెవి ఒగ్గి వినేది. గడియారం చుట్టూ తిరిగి, లోపల ఏ ప్రాణి దాగి ఉన్నదో అని వెతికేది. తన పిల్లికి జ్యోతిశ్శాస్త్రమంటే ఎంతో ఆసక్తి అని ఫ్లిండర్స్ సరదాగా రాసుకున్నాడు.

1799లోనే ఫ్లిండర్స్ ‘నార్ఫోక్’ అనే చిన్న ఓడలో ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట ఉత్తరంగా వెళ్ళాడు. రొట్టె సంచుల కాపలాకు ట్రిమ్ కూడా బయలుదేరింది. ఆ ఓడలో బంగారీ అనే ఆదివాసి ఉన్నాడు. చాలా తెలివైనవాడు, మంచి మనిషి. ట్రిమ్‌కూ ఆయనకూ గొప్ప స్నేహం కుదిరింది. దాహం వేస్తే ట్రిమ్ బంగారీని పిలిచి, నీళ్ళ పీపా మీదికి ఎగిరి కూర్చునేది. ఆకలి వేస్తే ఆయనను కిందికి పిలుచుకుపోయి, సరాసరి ఆయన తిండి గిన్నె దగ్గర నిలబడేది. తరవాత ఫ్లిండర్స్‌తో కలిసి ఆస్ట్రేలియాను చుట్టివచ్చి, ఆ యాత్ర చేసిన మొదటి ఆస్ట్రేలియా ఆదివాసిగా బంగారీ పేరు చరిత్రలో నిలిచింది.

1800లో ట్రిమ్ ఇంగ్లండుకు వెళ్ళింది. లండనులో ఒక ఇంట్లో కొన్నాళ్ళు ఉంచారు. ఓడలో పెరిగిన పిల్లికి ఇంటి కాపురం ఏం సరిపడుతుంది? ఆ ఇంటావిడకు దానితో వేగడం కష్టమైంది. చివరకు ట్రిమ్ మళ్ళీ ఓడకే చేరుకున్నది.

1801 జులైలో ఫ్లిండర్స్ ‘ఇన్వెస్టిగేటర్’ ఓడకు నాయకుడై బయలుదేరాడు. దానికి మూడు నెలలముందే ఆయనకు ఆన్ అనే అమ్మాయితో పెళ్ళయింది. భార్యను వెంట తీసుకుపోవడానికి అనుమతి దొరకలేదు. పిల్లి మాత్రం వెంట వెళ్ళింది. 1802 జులైనుంచి 1803 జూన్ వరకు ‘ఇన్వెస్టిగేటర్’ ఆస్ట్రేలియా చుట్టూ తిరిగివచ్చింది. నడిదారిలో వడ్రంగులు ఓడను పరీక్షించి, చెక్క అంతా పుచ్చిపోయిందనీ, వాతావరణం బాగుంటే ఆరు నెలలు నిలుస్తుందేమోననీ చెప్పారు. అయినా ఎలాగో యాత్ర పూర్తి అయింది. అది ఒకటే పెద్ద నేల అని తేలింది. ఆ ఏడు భార్యకు రాసిన ఉత్తరంలో ఫ్లిండర్స్, తనకు మల్లేనే ట్రిమ్‌కు కూడా వెంట్రుకలు నెరుస్తున్నాయనీ, ముళ్ళచెంచామీద ముక్కలు తన్నుకుపోవడంలో మాత్రం నేర్పు తగ్గలేదనీ రాశాడు.

అక్కడినుంచి కష్టాలు మొదలయినాయి.

ఫ్లిండర్స్ ట్రిమ్‌తో సహా ‘పోర్పస్’ అనే మరొక ఓడ ఎక్కి ఇంగ్లండుకు ప్రయాణమయాడు. 1803 ఆగస్టు 17 రాత్రి ఆ ఓడ సముద్రంలో పగడపు దిబ్బకు కొట్టుకుని ఒరిగిపోయింది. తోడుగా వస్తున్న మరొక ఓడకు కూడా అదే గతి పట్టింది. మూడవ ఓడ వారిని రక్షించకుండానే తన దారిన తాను వెళ్ళిపోయింది. చిమ్మచీకటి, విరుచుకుపడే కెరటాలు. తెల్లవారిన తరవాత, బతికినవారు దగ్గరలో ఉన్న ఒక ఇసుకతిన్నెను చేరుకున్నారు. వారితోపాటు ట్రిమ్ కూడా చేరింది!

ఆ తిన్నెమీద చెట్టు లేదు, నీడ లేదు. ఫ్లిండర్స్ మరి 13 మందితో చిన్న పడవ ఎక్కి, సహాయం కోసం సిడ్నీకి బయలుదేరాడు. 700 మైళ్ళకు పైగా దూరం. సుమారు 80 మంది ఆ తిన్నెమీదనే ఉండిపోయారు. ఓడలోనుంచి దించిన తిండి సామాను ఒక డేరాలో పెట్టారు. ఆ డేరాకు కాపలా ఎవరో చెప్పాలా? అక్టోబరు 7న ఫ్లిండర్స్ మూడు ఓడలతో తిరిగివచ్చాడు. ఓడ పగిలిననాటినుంచి లెక్కవేస్తే 51 రోజులు. ఆయన నెలలు నిండని ఆశతో పోయి మాట నిలుపుకుని వస్తే, ట్రిమ్ తన పని తాను చేస్తూ, అందరితో మంచి అనిపించుకుంటూ ఎదురుచూస్తున్నది.

ఫ్లిండర్స్ ఆ మూడింటిలో అన్నిటికంటే చిన్నదయిన ‘కంబర్లాండ్’ ఓడలో ఇంగ్లండుకు సాగిపోయాడు. అది 29 టన్నుల పడవ. నిండా నల్లులు, బొద్దింకలు, చిట్టెలుకలు. ట్రిమ్‌కు చేతినిండా పనే! కాని ఆ పడవ కారుతూ ఉండటంవల్ల, దారిలో ఒక ఫ్రెంచి దీవిలో ఆగవలసి వచ్చింది. ఆ దీవిని ఈనాడు మారిషస్ అంటున్నాం. ఆ తరవాతి కాలంలో మన తెలుగువారు ఎందరో చెరకుతోటలలో పనికి వెళ్ళి స్థిరపడిన దీవి అదే.

ఫ్లిండర్స్ ఆ దీవి చేరేనాటికి ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మళ్ళీ యుద్ధం మొదలయి ఉన్నది. ఆ సంగతి సముద్రంమీద ఉన్న ఆయనకు తెలియదు. ఫ్రెంచివారు ఆయనకు ఇచ్చిన అనుమతిపత్రంలో ‘ఇన్వెస్టిగేటర్’ పేరు ఉన్నది కాని ‘కంబర్లాండ్’ పేరు లేదు. గవర్నరుకు అనుమానం వచ్చి ఆయనను నిర్బంధించాడు. నిర్బంధంలో ఉన్న ఫ్లిండర్స్‌కు ట్రిమ్ ఆటలే ఓదార్పు.

1804లో ఖైదీలను మరొక పెద్ద ఇంటికి మార్చారు. అక్కడి సిపాయిలు పిల్లిని ఎత్తుకుపోతారేమోనని ఫ్లిండర్స్‌కు దిగులు పట్టుకున్నది. అప్పుడు ఒక ఫ్రెంచి ఇల్లాలు, తన చిన్నకూతురికి తోడుగా ఉంటుంది, ట్రిమ్‌ను తనకు ఇవ్వమని అడిగింది. ఆడుకోవడానికి ఒక పాప దొరికింది, క్షేమంగా ఉంటుందని ఆయన ఒప్పుకున్నాడు.

పదిహేను రోజులు తిరిగాయో లేదో, ట్రిమ్ కనబడకుండా పోయింది. తెచ్చి ఇచ్చినవారికి పది స్పానిషు డాలర్ల బహుమానమని ఊళ్ళోని పత్రికలో ప్రకటన కూడా వేశారు. ఎవరూ తేలేదు. ఖండం చుట్టూ తిరిగి, తీరంలోని మలుపు మలుపునూ పటంలో ఎక్కించిన మనిషి, తన పిల్లిని వెతకడానికి గోడ దాటి నాలుగు వీధులు తిరగలేకపోయాడు. ఆకలితో ఉన్నవారెవరో దాన్ని పట్టుకుని తినివేసి ఉంటారని ఆయన అనుమానించాడు. అది అనుమానమే. అసలు ఏం జరిగిందో తెలిసినవారు లేరు.

ఫ్లిండర్స్ ఆ దీవిలో ఆరున్నర ఏళ్ళు బందీగా ఉన్నాడు. ట్రిమ్ పోయిన అయిదేళ్ళకు, 1809లో, కాగితం కలం తీసుకుని కూర్చున్నాడు. తన పిల్లి జీవితచరిత్ర రాశాడు!

పిల్లలూ, మనకు ఇష్టమైన జంతువు పోతే ఏం చేస్తాం? ఏడుస్తాం. “ఎంత మంచి పిల్లో!” అంటాం. అవి రెండూ తప్పు కావు. కాని “మంచి పిల్లి” అన్న మాట ఏ పిల్లికయినా సరిపోతుంది. ఏళ్ళు గడిచినకొద్దీ మన పిల్లి ముఖం చెరిగిపోయి, ఆ మాట ఒక్కటే మిగులుతుంది. ఫ్లిండర్స్ ఏం చేశాడో చూడండి. పాదాలు తెలుపు, కింది పెదవి తెలుపు, రొమ్ముమీద చుక్క ఒకటి అని రాశాడు. నీళ్ళ కోసం ఎక్కడికి ఎగిరేదో, తిండి కోసం ఎవరిని పిలిచేదో రాశాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆ తోక చూడండి. విసుగు పుడితే తోకంతా కాదు, తోక చివర కదిలేదని రాశాడు. నవ్వించే మాటలు ఎన్నో కలిపాడు కాని, చూసినదాన్ని వదలలేదు.

తీరంలో ఏ కొన ఎక్కడ ఉన్నదో, నీటిలోతు ఎంతో రోజూ కొలిచి రాసుకున్న కన్నే ఇక్కడా పనిచేసింది. పటం గీయడానికి ఎంత శ్రద్ధ కావాలో, ప్రేమించిన ప్రాణిని గుర్తుపెట్టుకోవడానికీ అంత శ్రద్ధే కావాలి. అందుకే సమాధి కూడా లేని ఆ పిల్లి ఈనాడు మన కళ్ళముందు కదులుతున్నది.

ఎప్పటికైనా స్వదేశం చేరి, చిన్న పూరిల్లు, కొద్దిపాటి దొడ్డి సంపాదించుకోగలిగితే, ఆ దొడ్డిలో ఒక మూల ట్రిమ్ జ్ఞాపకార్థం ఒక చిన్న కట్టడం కట్టిస్తానని ఫ్లిండర్స్ ఆ రచనలో మాట ఇచ్చాడు. దానిమీద ఏమి చెక్కించాలో కూడా రాసుకున్నాడు. పాపం, ఆ మాట చెల్లించే అవకాశం ఆయనకు దొరకలేదు. 1810లో విడుదలయి, తొమ్మిదేళ్ళ తరవాత భార్యను చూశాడు. జబ్బుతో ఉంటూనే తన యాత్రల గ్రంథం రాశాడు. ఆ గ్రంథం అచ్చయి వచ్చిన మర్నాడే, 1814 జులై 19న, 40 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన 1804లో బందీగా ఉండి గీసిన పటంమీద ‘ఆస్ట్రేలియా’ అన్న పేరు ఉన్నది. ఈనాడు ప్రపంచమంతా పిలుస్తున్నది ఆ పేరుతోనే.

పిల్లి చరిత్ర ఉన్న కాగితాలు మాత్రం ఆయన ఇతర పత్రాలతోపాటు ఉండిపోయాయి. అవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం అనే ప్రదర్శనశాలకు చేరాయి. 1970లలో గాని అవి అచ్చు కాలేదు. అచ్చయిన తరవాత ట్రిమ్ అందరికీ నేస్తమయింది. సిడ్నీలోని మిచెల్ గ్రంథాలయం దగ్గర 1925నుంచి ఫ్లిండర్స్ విగ్రహం ఉన్నది. 1996లో ఆ విగ్రహం వెనక కిటికీ గట్టుమీద ట్రిమ్ కంచువిగ్రహం పెట్టారు. 2014లో లండనులో ఆవిష్కరించిన విగ్రహంలో, ఫ్లిండర్స్ నేలమీద పరచిన పటంమీదికి వంగి ఉంటే, ట్రిమ్ ఆయన దగ్గరనే ఉన్నది. ఆయన మాట ఇచ్చిన ఆ చిన్న కట్టడాన్ని ఇతరులు పెద్దది చేసి, ఒకటికి రెండుచోట్ల చెల్లించారు!

మరొక విచిత్రం. ఫ్లిండర్స్ సమాధి కూడా చాలాకాలం జాడ తెలియకుండా పోయింది. 2019లో లండనులో రైలుమార్గం కోసం పాత శ్మశానం తవ్వుతూ ఉండగా, పేరు చెక్కిన సీసపు రేకును బట్టి ఆయన శవపేటికను గుర్తించారు. 2024 జులైలో ఆయన పుట్టిన డానింగ్టన్‌లోనే మళ్ళీ సమాధి చేశారు. చూశారా, అక్కడ కూడా రాసి ఉంచిన అక్షరాలే ఆయనను పట్టి ఇచ్చాయి.

మీలో కొందరి ఇళ్ళలో కూడా పిల్లి తిరిగిరాకపోయి ఉండవచ్చు. రాత్రి బయటికి వెళ్ళిన పిల్లి తెల్లవారినా రాకపోతే, పాలగిన్నె అలాగే ఉండిపోతే, ఎంత దిగులుగా ఉంటుందో తెలిసినవారికే తెలుసు. అటువంటివారు ఒక పని చెయ్యండి. ఒక నోటుపుస్తకం తీసుకుని, మీ పిల్లి గురించి పది సంగతులు రాయండి. “మంచిది”, “ముద్దుగా ఉండేది” అన్న మాటలు రాయకూడదు. చూసినవి, విన్నవి మాత్రమే రాయాలి. ఏ చెవికి చిరుగు ఉండేది? ఏ మెట్టుమీద ఎండ కాగేది? అమ్మ పిలిస్తే ఎలా అరిచేది, చేపలవాడి కేక వినపడితే ఎలా అరిచేది? ఇంట్లో ఉన్న పిల్లి గురించి అయితే ఈ రోజునుంచే మొదలుపెట్టండి. బొమ్మ కూడా వెయ్యండి. తారీకు వెయ్యడం మరచిపోకండి.

పెద్దలకు ఒక మాట. పిల్లవాడు పిల్లి కోసం ఏడుస్తూ ఉంటే, “పిల్లే కదా, ఇంకొకటి తెస్తాం” అని తేల్చేయకండి. ఇంకొకటి తేవచ్చు, అదీ మంచిదే. కాని ముందు పక్కన కూర్చుని, పోయినదాని సంగతులు చెప్పించుకోండి. ఖండాన్ని చుట్టివచ్చిన నావికుడు అయిదేళ్ళ తరవాత కూడా తన పిల్లి గురించి రాసుకున్నాడంటే, ఎనిమిదేళ్ళ పిల్లవాడు నాలుగు రోజులు దిగులుపడటంలో వింత లేదు. ఇంకొకటి. ఈ కాలపు వీధులలో ఓడలకంటే వేగంగా మోటారుబళ్ళు తిరుగుతున్నాయి. కనుక చీకటి పడేసరికి పిల్లిని ఇంట్లోకి పిలిచే అలవాటు చేసుకుంటే మంచిది. రోజూ ఆ వేళకే తిండి పెడితే, పిల్లి ఆ వేళకు దానంతట అదే వస్తుంది.

సరే, పిల్లలూ! ఈ సాయంత్రం మీ పిల్లి పడుకున్నప్పుడు, దాన్ని లేపకుండా, తోక చివర ఒకసారి గమనించి చూడండి. వచ్చే నెల మరొక నేస్తం సంగతి చెప్పుకుందాం.